మౌస్‌తో కత్తిరించిన ముఖాలు: గుంటూరు తొమ్మిదో తరగతిలో డిజిటల్ పోర్ట్రెయిట్, ఒక కేస్ స్టడీ

గుంటూరులోని ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి సెక్షన్ ఇది. పిల్లలు 36 మంది. కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే సిస్టమ్స్ 18. అన్నీ 4 జీబీ ర్యామ్, విండోస్ 10, 1366×768 మానిటర్లు. పెన్ ట్యాబ్లెట్లు (మీద పెన్నుతో గీస్తే స్క్రీన్ మీద గీత పడే పలకలు) మాత్రం తొమ్మిదే, ఆరంగుళాల పొడవుండే చిన్న రకం. మిగతా తొమ్మిది సిస్టమ్స్‌కి మామూలు మౌస్. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా. ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, పాత సిస్టమ్స్ మీద కూడా కాన్వాస్ మరీ పెద్దది కాకపోతే ఇబ్బంది పెట్టదు.

డ్రాయింగ్ పీరియడ్‌ని, కంప్యూటర్ పీరియడ్‌ని పక్కపక్కన వేయించి వారానికి 80 నిమిషాలు సంపాదించారు. సగం మంది ల్యాబ్‌లో ఉంటే మిగతా సగం క్లాసులో పెన్సిల్‌తో గీస్తారు, 40 నిమిషాలకి మారతారు. అలా ఒక్కొక్కరికీ ల్యాబ్‌లో ఎనిమిది పీరియడ్లు దొరికాయి. చేయాల్సింది ఒక్కటే: ఏ4 సైజులో ఒక మనిషి ముఖం. పక్క సెక్షన్ వాళ్లు చూసి, ఎవరూ చెప్పకుండానే, ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో పట్టుకోగలగాలి. పోలిక రావాలన్న నిబంధన పెట్టలేదు. అది పెట్టకపోవడమే తర్వాత కాపాడింది.

మొదటి రెండు పీరియడ్లు ఎందుకు పోయాయి

అందరూ చేసేదే ఇక్కడా చేశారు. ఫోన్‌తో ఫొటో తీసుకుని కింద లేయర్‌లో (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక కాగితం లాంటి పొరలో) పెట్టి, పైన కొత్త లేయర్ వేసి గీత లాగడం. రెండో పీరియడ్ చివరికి ఒక బ్యాచ్ వాళ్ల 18 బొమ్మలు తెర మీద వరుసగా పెట్టి చూస్తే పోలికలు బాగానే ఉన్నాయి. ఎవరి బొమ్మ ఎవరిదో చెప్పొచ్చు. కానీ ఒక్క ముఖంలోనూ ప్రాణం లేదు. హాల్ టికెట్ ఫొటోకి ఇంకుతో గీత తొడిగినట్టుంది.

కారణాలు నాలుగు. వాటిలో మూడు కెమెరాతో, చూపుతో వచ్చినవి. ఒకటి మాత్రం గీత స్వభావంలోనే ఉంది.

ఫోన్ ఎత్తగానే పిల్లలు బిగుసుకుపోతారు. పెదవులు మూసి, గడ్డం పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి నిలబడతారు. ట్రేస్ చేసినా ఆ బిగువే దిగుతుంది. రెండోది దూరం. చెయ్యి చాపి తీసిన సెల్ఫీలో కెమెరా ముఖానికి అడుగున్నర, రెండడుగుల దూరంలోనే ఉంటుంది. ముక్కు ముందుకొచ్చి ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోయి చిన్నవవుతాయి. మనిషిని ఎదురుగా కూర్చుని చూసేటప్పుడు మన కంటికి అలా కనిపించదు. కనీసం ఆరడుగుల దూరం నుంచి, కంటి ఎత్తులో ఫోన్ పెట్టి, జూమ్‌తో దగ్గరికి లాక్కోవాలి. మూడోది, ఒక్కో కన్నూ 400 శాతం జూమ్‌లో పెట్టి రెప్పవెంట్రుకలతో సహా పూర్తి చేసి, ఆ తర్వాత రెండో కంటికి వెళ్లడం. రెండు కళ్లూ రెండు వేర్వేరు మనుషులవి అయిపోతాయి.

నాలుగోదే అసలు సంగతి. గీత అంచుని పట్టుకుంటుంది. ముఖంలో భావం ఉండేది అంచుల్లో కాదు, మెత్తటి మడతల్లో. నవ్వితే చెక్కిలి పైకి ఉబ్బి కింది రెప్పని నెడుతుంది. ముక్కు పక్కనుంచి పెదవి మూల దాకా ఒక నీడ జారుతుంది. ఆ నీడకి ఒక వైపు అంచు ఉంటుంది, రెండో వైపు కరిగిపోతుంది. ట్రేస్ చేసే పిల్లాడు దాన్ని నల్లగీతగా లాగుతాడు. పద్నాలుగేళ్ల పిల్లకి ఒక్కసారిగా యాభై ఏళ్లొస్తాయి. పళ్ల మధ్య గీతలు గీస్తే ఇంకా ఘోరం. పళ్లన్నీ కలిపి ఒకే తెల్లటి ఆకారంగా వదిలేయాలి. విడివిడిగా గీసిన పళ్లు నవ్వుని కరవడంగా మారుస్తాయి.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే బయటపడింది. ఇద్దరు ముగ్గురు సిమెట్రీ టూల్ కనిపెట్టి సగం ముఖం గీసి రెండో సగాన్ని దానంతటదే తెచ్చుకున్నారు. పని సగం తగ్గిందని సంబరపడ్డారు. వచ్చింది కొండపల్లి బొమ్మ ముఖం. బొమ్మకి అది అందమే. బతికున్న మనిషి ముఖంలో మాత్రం కుడి కనుబొమ ఎడమదానితో ఎప్పుడూ పూర్తిగా ఏకీభవించదు. వెటకారం, అనుమానం, ఆపుకుంటున్న నవ్వు, ఇవన్నీ ఆ తేడాలోనే ఉంటాయి. మూడో పీరియడ్ నుంచి సిమెట్రీ టూల్ నిషేధం.

మౌస్ పట్టిన వాళ్ల దారి

పెన్ ట్యాబ్లెట్ దొరికిన వాళ్లే బాగా గీస్తారని అందరూ అనుకున్నారు. ఒక్కో బ్యాచ్‌లో మౌస్ తగిలిన తొమ్మిది మంది మొహాలు వేలాడేశారు. మౌస్‌తో గీత సన్నబడదు, లావెక్కదు, వణుకుతుంది. చేసేది లేక వాళ్లకి వేరే పద్ధతి చెప్పారు: గీయొద్దు, కత్తిరించండి.

పద్ధతి సులువు. టూల్స్‌లో ఫ్రీహ్యాండ్ సెలెక్షన్ తీసుకుని నీడ ఉన్న ఆకారం చుట్టూ మౌస్‌ని ఒక చుట్టు తిప్పాలి. షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే ఆ ఆకారం ఎంచుకున్న రంగుతో నిండుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కితే సెలెక్షన్ పోతుంది. మళ్లీ ఇంకో ఆకారం. రంగు కాగితం కత్తిరించి అతికించినట్టే.

మూడో పీరియడ్ చివర మళ్లీ 18 బొమ్మలూ తెర మీద పెట్టారు. ఈసారి కళ్లు పోయింది మౌస్ వాళ్ల బొమ్మల మీదికే. మొరటుగా ఉన్నాయి, అంచులు వంకరటింకరగా ఉన్నాయి. అయినా గది చివర నిలబడి చూసినా కోపమో, బద్ధకమో తెలుస్తోంది. ఎందుకంటే ఆకారం చుట్టూ తిరగాలంటే ముందు ఆకారాన్ని చూడాలి. కంటిగుంట నీడ ఎంత దూరం పోయింది, చెక్కిలి మీద ఎక్కడ ఆగింది, ముక్కు నీడతో కలిసిందా విడిపోయిందా అని తేల్చుకోకుండా మౌస్ కదలదు. పెన్ చేతిలో ఉన్నవాడు ఆ నిర్ణయం తీసుకోకుండానే సన్నగీతలతో తడుముతూ పోగలడు. తోలుబొమ్మ తెర వెనకనుంచి దూరంగా కూర్చున్న వాడికి కూడా అర్థమయ్యేది దాని ఆకారం వల్లే. ఇక్కడా అదే సూత్రం.

నాలుగో పీరియడ్‌కి క్లాసు మొత్తం ఈ దారికి మారింది. పెన్ ఉన్నవాళ్లు కూడా అదే సెలెక్షన్ టూల్‌తో మొదలుపెట్టారు. కట్టుబాట్లు ఇవి: మూడు లేయర్లు మాత్రమే, అంటే వెనక గోడ, తల, దాని మీద నీడావెలుగులు. మూడు టోన్లు: వెలుగు, మధ్యస్థం, నీడ, ముందు బూడిద రంగులోనే. జూమ్ 100 శాతం దాటకూడదు. కళ్లని చివర్లో ముట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో అన్‌డూ సంఖ్యని పదికి తగ్గించారు. మొదట గోల చేశారు. కానీ అన్‌డూ అంతులేకుండా ఉంటే పిల్లలు ఒక కనుబొమని ఇరవై సార్లు వేసి ఇరవై సార్లు తీసేస్తారు, పీరియడ్ అయిపోతుంది.

వెలుగు ఒక వైపు నుంచే రావాలి. ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్లు నాలుగు వైపులా ఉంటాయి కాబట్టి ముఖం మీద నీడే పడదు, అప్పడంలా చదునుగా కనిపిస్తుంది. మోడల్‌గా కూర్చున్న పిల్లని వరండా కిటికీ పక్కన, కిటికీకి పక్కవాటుగా కూర్చోబెట్టి ఫొటో తీశారు. పిల్లలకి నీడ ఎక్కడుందో అర్థం కాకపోతే ఆ ఫొటోకి పోస్టరైజ్ ఫిల్టర్ (టోన్లని కొన్ని మెట్లకి కుదించేది) మూడు మెట్లలో పెట్టి చూపిస్తే చాలు. అయితే దాన్నే ట్రేస్ చేయనివ్వకూడదు. చూశాక ఆ ఫైల్ మూసేయాలి.

కొలతల దగ్గర ఒక్క మాట. దాదాపు ప్రతి పిల్లా కళ్లని మరీ పైన పెడుతుంది, నుదురు కోసేస్తుంది. కళ్లు తల ఎత్తుకి సరిగ్గా సగంలో ఉంటాయి. జుట్టు కుదుళ్ల నుంచి కాదు, నడినెత్తి నుంచి కొలవాలి. కనుబొమ నుంచి గడ్డం చివరి దాకా ఉన్న దూరంలో సగానికి ముక్కు అడుగు వస్తుంది. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టాలి. ఇవి పెద్దవాళ్ల ముఖానికి. చిన్న పిల్లల్లో కళ్లు సగం కంటే ఇంకా కిందికి ఉంటాయి. తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఎమ్ కీ నొక్కితే కాన్వాస్ అద్దంలోలా తిరగబడుతుంది. పక్కకి వాలిన దవడ, పైకెక్కిన కన్ను వెంటనే దొరికిపోతాయి. మళ్లీ ఎమ్ నొక్కితే మామూలే.

కనుబొమలు ఏడు రకాలు

ఏ భావం గీయాలని అడిగితే పిల్లలు చెప్పేవి మూడే: సంతోషం, బాధ, కోపం. ఆ మూడూ ఇమోజీల నుంచి వచ్చినవి, గీస్తే మళ్లీ ఇమోజీలే అవుతాయి. అందుకని పేర్లు ఇవ్వకుండా సందర్భాలు ఇచ్చారు. పచ్చి చింతకాయ కొరికిన క్షణం. హాల్ టికెట్ ఇంట్లో మర్చిపోయి పరీక్ష గది గుమ్మంలో నిలబడ్డ వాడు. అంపైర్ అవుట్ ఇచ్చినా క్రీజు వదలని బ్యాట్స్‌మన్. పల్నాడు బస్సులో నిలబడే కునికిపాట్లు పడుతున్న ఆవిడ. ఇంటికొచ్చిన చుట్టాలు మార్కులు అడిగితే నవ్వుతూ చూసే పిల్ల. చివరిది చాలా కష్టమైనది. నోరు నవ్వుతుంది, కళ్లు నవ్వవు. నిజమైన నవ్వులో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుస్తుంది, కింది రెప్ప పైకొస్తుంది. మొహమాటపు నవ్వులో ఆ కండరం కదలదు. పందొమ్మిదో శతాబ్దంలో డుషేన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు దీన్ని గుర్తించి రాశాడు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకి మాత్రం వేరే చెప్పనక్కర్లేదు.

నిజానికి ఈ యూనిట్‌లో ఎక్కువ పనికొచ్చిన పాఠం నాట్యశాస్త్రం నుంచే వచ్చింది. కూచిపూడి ఊరున్న కృష్ణా జిల్లా పక్కనే ఉంది, క్లాసులో ఇద్దరు ముగ్గురు కూచిపూడి నేర్చుకునే వాళ్లు ఉండనే ఉన్నారు. నాట్యశాస్త్రంలో దృష్టిభేదాలు, అంటే చూపుల రకాలు 36. పెట్టుకుంటే ఎనిమిది పీరియడ్లు కాదు కదా, ఏడాది చాలదు. కనుబొమల కదలికలు మాత్రం ఏడే: ఉత్క్షేపం, పాతనం, భ్రుకుటి, చతురం, కుంచితం, రేచితం, సహజం. ఐదో పీరియడ్ మొత్తం దీనికే ఇచ్చారు. ఒకే ముఖాన్ని ఏడు కాపీలు చేసి, కళ్లు, నోరు, ముక్కు ఏమీ ముట్టుకోకుండా కనుబొమలు మాత్రమే మార్చడం. పైకెత్తడం, దించడం, మొదళ్లని ముడి వేయడం, తీయగా విప్పడం, కొద్దిగా వంచడం, ఒక్కదాన్నే ఎత్తడం, ఏమీ చేయకుండా వదలడం.

పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఫలితం చూసి పిల్లలే ఆశ్చర్యపోయారు. మారని నోరు కూడా మారినట్టు కనిపిస్తోంది. ఒక కాపీలో వెక్కిరిస్తోంది, ఇంకో కాపీలో ఏడవబోతోంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. దిగులు గీయమంటే కనుబొమ బయటి చివరని కిందికి లాగుతారు. కదలాల్సింది లోపలి చివర, ముక్కు పక్కది. అది పైకి లేస్తే నుదుటి మధ్య చిన్న అడ్డమడతలు పడతాయి. బయటి చివరని లాగితే దిగులు రాదు, నిద్రమత్తు వస్తుంది. బస్సు ఆవిడ బొమ్మకి అదే పనికొచ్చింది లెండి.

మిర్చి ఘాటుకి ముడుచుకున్న కళ్లు

ఈ క్లాసు బొమ్మల్లో విడిగా చెప్పుకోవాల్సినది ఒకటుంది. ఒక పిల్లాడు మిర్చి యార్డులో బస్తాలు దించే తన తండ్రిని ఎంచుకున్నాడు. మండే ఎండ, టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పితే లేచే ఘాటు, మెడలో తువ్వాలు, ముడుచుకున్న కళ్లు. ఆరో పీరియడ్‌లో బొమ్మ దాదాపు పూర్తయ్యింది. పక్క సెక్షన్ వాళ్లకి చూపిస్తే చాలామంది చెప్పిన జవాబు ఒకటే: నవ్వుతున్నాడు.

ఎక్కడ తేడా వచ్చింది? పిల్లాడు కింది రెప్పని సరిగ్గానే పైకి తెచ్చాడు, కంటి మూలల్లో కాకికాళ్ల మడతలూ వేశాడు. కానీ నవ్వులో ముడుచుకునే కన్ను, ఘాటుకి ముడుచుకునే కన్ను కింది సగంలో ఒకేలా ఉంటాయి. రెంటిలోనూ అదే కండరం. తేడా ఉండేది పైన, మధ్యన. ఘాటుకి కనుబొమలు కిందికి దిగి లోపలి చివరలు దగ్గరవుతాయి, ముక్కు మొదట్లో నిలువుగా రెండు మడతలు, ముక్కు పక్కన ఇంకో చిన్న ముడత. పై పెదవి కొంచెం పైకి లాక్కుపోతుంది, కానీ పెదవి మూలలు పైకి లేవవు, పక్కకి సాగుతాయి. ఆ బొమ్మలో కనుబొమలు సహజంగా ఉన్నాయి, పెదవి మూలలు ఒక పిసరు పైకి ఉన్నాయి. చూసేవాడికి అంత చాలు.

సవరణకి పట్టిన సమయం ఒక పీరియడ్. కనుబొమల ఆకారాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ టీ నొక్కి ట్రాన్స్‌ఫార్మ్‌లో రెండింటినీ దించి లోపలికి నెట్టాడు. పెదవి మూలల్ని వార్ప్‌తో సమం చేశాడు. ముక్కు మొదటి మడతని గీతగా కాకుండా త్రికోణం లాంటి నీడగా కత్తిరించి పెట్టాడు. చివరిగా ఒక కన్నుని రెండోదానికంటే ఎక్కువ మూశాడు. ఆ చివరి మార్పు ఎవరూ చెప్పలేదు, పిల్లాడే చేశాడు, బొమ్మ నిలబడింది దాని వల్లే. నవ్వే మనిషి రెండు కళ్లూ దాదాపు సమానంగా ముడుస్తాడు. ఎండా ఘాటూ ఒక వైపు నుంచి కొడితే ఆ వైపు కన్నే ఎక్కువ మూసుకుంటుంది.

రంగు

మూడు టోన్ల బూడిద బొమ్మ ఒప్పుకున్నాకే రంగుకి వెళ్లాలి. ఇక్కడ మొదటి గొడవ చర్మంతోనే. పిల్లలు చిన్నప్పటి నుంచి క్రేయాన్ డబ్బాలో స్కిన్ కలర్ అని పిలిచే లేత గులాబీ ఉంది చూశారూ, చెయ్యి దాని మీదికే పోతుంది. వాళ్ల చేతి రంగు ఆ రంగు కాదన్న సంగతి చెయ్యి పక్కన పెట్టి చూపించే దాకా గమనించరు.

చామనఛాయకి ఈ తరగతిలో మొదలుపెట్టిన అంకెలు ఇవి. హ్యూ అంటే ఏ రంగు, శాచురేషన్ అంటే ఎంత చిక్కన, వాల్యూ అంటే ఎంత వెలుగు. మధ్యస్థానికి హ్యూ 23, శాచురేషన్ 59, వాల్యూ 55. నీడకి హ్యూ 14, శాచురేషన్ 64, వాల్యూ 34. వెలుగుకి హ్యూ 29, శాచురేషన్ 46, వాల్యూ 74. ఇవి శాసనం కాదు. మోడల్‌ని బట్టి వాల్యూని పదీ పదిహేను అటూఇటూ జరపాలి. గమనించాల్సింది ఆ అంకెల నడక. నీడలోకి పోయేకొద్దీ రంగు ఎరుపు వైపు జరుగుతుంది, చిక్కబడుతుంది. వెలుగులోకి వచ్చేకొద్దీ పసుపు వైపు జరుగుతుంది, పలచబడుతుంది. నీడ కోసం మధ్యస్థంలో నలుపు కలిపితే చర్మం బూడిద పట్టినట్టు, జబ్బు మనిషిలా కనిపిస్తుంది. వెలుగు కోసం తెలుపు కలిపితే పౌడర్ రాసినట్టుంటుంది.

కోపానికి ఎరుపు, దిగులుకి నీలం అనే వరసని మొదటి రోజే పక్కన పెట్టారు. రంగు భావాన్ని మోయొచ్చు కానీ ముఖానికి పులిమి కాదు, వెనక గోడతో. ముఖం అదే రంగులో ఉంచి వెనక లేయర్‌ని మార్చి చూస్తే తెలుస్తుంది. గోడ ముఖం కంటే చీకటిగా ఉంటే మనిషి ముందుకొస్తాడు, వెలుగుగా ఉంటే ఒంటరి అవుతాడు. ఎరుపు కావాలనుకున్న వాళ్లకి ఎండుమిర్చి ఫొటో నుంచి రంగు ఏరుకోమన్నారు. అప్పుడు తెలిసింది వాళ్లకి: గుంటూరు పిల్లలు రోజూ చూసే ఎరుపు స్క్రీన్ మీద 255, 0, 0 (పచ్చ, నీలం ఏమీ కలవని పూర్తి ఎరుపు) కాదు. అది గోధుమకి దగ్గరగా ఉండే చిక్కటి ముదురు ఎరుపు, వాల్యూ 50 కంటే కింద. స్క్రీన్ ఇచ్చే స్వచ్ఛమైన ఎరుపు ముఖం పక్కన పెడితే కళ్లు దాని మీదికే పోయి ముఖాన్ని వదిలేస్తాయి.

కళ్ల తెలుపు తెలుపు కాదు. పై రెప్ప నీడ దాని మీద పడుతుంది కాబట్టి వాల్యూ 70 నుంచి 80 మధ్య ఉంచాలి. తెల్లచుక్క కంటికి ఒక్కటే, రెండు కళ్లలోనూ ఒకే వైపు. కునికే మనిషికి అది అసలు వద్దు. పై రెప్ప దాన్ని మూసేస్తుంది.

రంగు వేశాక టోన్లు చెడిపోయాయా అని చూడటానికి ఒక చిట్కా. అన్నిటికంటే పైన కొత్త లేయర్ వేసి నలుపుతో నింపి, బ్లెండింగ్ మోడ్ కలర్ అని పెట్టాలి. బొమ్మ మొత్తం బూడిదగా కనిపిస్తుంది. చూసుకుని ఆ లేయర్ కన్ను మూసేయాలి.

ల్యాబ్‌లో రోజూ వచ్చే తలనొప్పులు

ఏ4ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) తెరిస్తే కాన్వాస్ 2480×3508. ఒక్కో లేయర్ నిండితే దాదాపు 35 ఎంబీ. అన్‌డూ చరిత్ర దీనికి అదనం. 4 జీబీ సిస్టమ్‌లో సగం విండోసే తినేస్తుంది, కాబట్టి బ్రష్ వెనకబడి నడుస్తుంది. 200 డీపీఐకి దించితే 1654×2339, లేయర్‌కి దాదాపు 15 ఎంబీ. గోడ మీద పెట్టే ఏ4 బొమ్మకి ఇది చాలు. కలర్ డెప్త్ 8 బిట్ మీదే ఉంచాలి. 16కి మారిస్తే బరువు రెట్టింపు.

“బ్రష్ పడట్లేదు మాస్టారూ” అనేది పీరియడ్‌కి పది సార్లు వినపడే మాట. పదింటిలో చాలాసార్లు కారణం పాత సెలెక్షన్ ఎక్కడో చిన్నగా మిగిలి ఉండటం. దాని బయట ఏమీ పడదు. కంట్రోల్, షిఫ్ట్, ఏ. అది కాకపోతే ఇంగ్లీషు E కీ తగిలి బ్రష్ చెరిపే మోడ్‌లోకి పోయి ఉంటుంది. అదీ కాకపోతే లేయర్ తాళం పడిందా, కన్ను మూసి ఉందా, ఆల్ఫా లాక్ (ఖాళీ చోట రంగు పడనివ్వని తాళం) ఉందా అని ఈ వరసలోనే చూడాలి. ఈ వరస చార్టు రాసి గోడకి అంటిస్తే మాస్టారి గొంతు మిగులుతుంది.

పెన్ నొక్కినా గీత లావెక్కకపోతే క్రిటా ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ (పెన్ సమాచారం క్రిటాకి చేరే రెండు దారులు) రెండింటిలో ఒకదాని నుంచి రెండోదానికి మార్చి, క్రిటా మూసి మళ్లీ తెరవాలి. అక్కడే ట్యాబ్లెట్ టెస్టర్ ఉంటుంది, ఒత్తిడి అందుతోందో లేదో చూపిస్తుంది. పెన్ మోపి ఉంచితే చిన్న వలయం తిరిగి మెనూ తెరుచుకుంటుంటే అది విండోస్ పెన్ సెట్టింగ్స్‌లో ప్రెస్ అండ్ హోల్డ్ వల్ల. తీసేయాలి. ఇంకోటి: ట్యాబ్లెట్ నిష్పత్తి, మానిటర్ నిష్పత్తి వేరైతే గుండ్రం కోడిగుడ్డవుతుంది. ముఖాలన్నీ సాగిపోయి వస్తాయి, పిల్లలు తమ చేతిని తిట్టుకుంటారు. పరీక్షకి ఒక గాజు తీసుకుని ట్యాబ్లెట్ మీద పెట్టి దాని చుట్టూ పెన్ తిప్పాలి. స్క్రీన్ మీద గుండ్రంగా రాకపోతే డ్రైవర్‌లో నిష్పత్తి సరిచేసుకోవాలి.

గుంటూరు ఎండల్లో చెమట అరచెయ్యి ట్యాబ్లెట్‌కి అతుక్కుని గీత ఆగి ఆగి పోతుంది. చేతి కింద మడిచిన రుమాలు చాలు. గ్లవ్స్ కొనక్కర్లేదు.

కరెంటు సంగతి. ఆటోసేవ్‌ని మూడు నిమిషాలకి పెట్టాలి. కొన్ని ల్యాబుల్లో వైరస్ భయంతో, రీస్టార్ట్ చేయగానే సీ డ్రైవ్‌ని పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అక్కడ డెస్క్‌టాప్ మీద దాచిన బొమ్మ కరెంటుతో పాటే పోతుంది. ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో, రోల్ నంబరు ఫోల్డర్‌లో. పీరియడ్ చివర కంట్రోల్, ఆల్ట్, ఎస్ నొక్కితే పాతదాని మీద రాయకుండా కొత్త నంబరుతో దాచుతుంది. ఎనిమిది పీరియడ్లకి ఎనిమిది ఫైళ్లు. ఫొటోని ఒక్క నొక్కుతో పెయింటింగ్‌గా మార్చే యాప్‌ల బెడద కూడా దీంతోనే తీరుతుంది. అలాంటి బొమ్మకి వెనక మెట్లు ఉండవు.

ఫొటోలకి ఇళ్ల నుంచి సంతకంతో అనుమతి తీసుకోవాలి. పని అయ్యాక ఫొటోలు తీసేయాలి. క్లాసు వాట్సాప్ గ్రూపులో మోడల్ ఫొటో పెట్టే అలవాటు మొదటి రోజే ఆపాలి. చింతకాయ కొరికిన మొహం స్టిక్కర్ కావడానికి ఒక్క సాయంత్రం చాలు.

మార్కులు

20 మార్కులు. భావం పట్టుబడిందా అన్నదానికి 8, వెలుగునీడల ఆకారాలకి 6, మధ్యలో దాచిన ఫైళ్లకి 4, పోలికకి 2. పోలికకి అంత తక్కువ ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. ఎక్కువ ఇస్తే అందరూ మళ్లీ ట్రేసింగ్‌కి పోతారు, అంతే.

భావానికి వేసే 8 మార్కులు మాస్టారు సొంతంగా వేయరు. బొమ్మని పక్క సెక్షన్‌లో ఐదుగురికి చూపించి, ఈ మనిషికి ఇప్పుడే ఏం జరిగి ఉంటుంది అని ఒక వాక్యం రాయించాలి. ఏ భావం అని అడిగితే మళ్లీ ఆ మూడు మాటలే రాస్తారు. ఆ ఐదు వాక్యాలూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే బొమ్మ మాట్లాడుతున్నట్టే. గీసినవాడు అనుకున్నది అదే కావాలని లేదు. హాల్ టికెట్ మర్చిపోయిన కుర్రాడి బొమ్మని ఐదుగురూ తిట్లు తిన్నవాడన్నారు. పూర్తి మార్కులు వచ్చాయి.

ప్రింట్

స్క్రీన్ వెనకనుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. చామనఛాయ ముఖాలకి ఈ దెబ్బ ఎక్కువ. స్క్రీన్ మీద లోతుగా కనిపించిన నీడ కాగితం మీద నల్లమసి అవుతుంది. తీసుకెళ్లే ముందు లెవెల్స్‌లో గామా (మధ్యస్థ టోన్ల వెలుగు) 1.15 దాకా పెంచి వేరే కాపీగా దాచుకోవాలి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ప్రింటింగ్ షాపులకి కొదవ లేదు. అక్కడ ఫైల్‌ని కోరల్‌డ్రాలో తెరిచి వాళ్ల పద్ధతిలో సైజు సాగదీస్తారు. ఎటు సాగదీసినా ముఖమే పాడవుతుంది కాబట్టి పక్కన నిలబడి కొలత చూసుకోవాలి. చుట్టూ 5 మిల్లీమీటర్లు కత్తెరకి వదలాలి. అన్నీ ఒకేసారి ఇవ్వకుండా ముందు ఆరు బొమ్మల్ని చిన్నగా ఒకే ఏ4 మీద పెట్టించి పరీక్ష ప్రింట్ తీయించాలి. ఎరుపులు ఎంత మసకబారాయో, నీడలు ఎంత మూసుకుపోయాయో ఆ ఒక్క కాగితం చెబుతుంది.

మిర్చి యార్డు బొమ్మకి పరీక్ష ప్రింట్‌లో ముక్కు మొదటి మడత పూర్తిగా కనుబొమల నీడలో కలిసిపోయింది. మడత లేకపోతే మనిషి మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క నీడ వాల్యూని 34 నుంచి 42కి పెంచి మళ్లీ తీయించాల్సి వచ్చింది. లామినేషన్ మాట్ రకమే చేయించారు. గ్లాసీ వేస్తే వరండా ట్యూబ్‌లైట్ సరిగ్గా కళ్ల మీదే మెరుస్తుంది.